మీరెళ్ళండి, నేనున్నా

కాలనీలో అందరూ ఆయన్ని సైరన్ మావయ్య అనేవాళ్ళు. గనిలో రాయి మోసే డంపర్ నడిపి, ఆ మోత మీద అరిచీ అరిచీ గొంతు అలా అయిపోయింది పాపం. మంచినీళ్ళు అడిగినా నాలుగిళ్ళ అవతలికి వినపడేది. ఆ గొంతుతో ఆయన తగువు పడని మనిషి లేడు. ఆయన తర్వాతి షిఫ్టులో అదే డంపర్ ఎక్కే అమ్మాయితోనూ కుళాయి దగ్గర గొడవే. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు, ఒక్కటి తప్ప. ఎక్కేవాళ్ళు "మీరెళ్ళండి, నేనున్నా" అంటేగాని దిగేవాళ్ళు దిగకూడదు. అది గని అలవాటు. ముఖం మాడ్చుకునైనా ఆ అమ్మాయి రోజూ అనేది.

చూపు మందగించి మావయ్య ఉద్యోగం మానేశాడు. ఇప్పుడు గనే మూసేస్తారట. ఆయన భార్యకు, అంటే కాలనీ అందరి అత్తయ్యకు, కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్‌కు పట్నం తీసుకెళ్ళేది గని అంబులెన్సే. అది పోతే అత్తయ్య గతేం కావాలి?

గని పోయాక కాలనీకి ఏయే సౌకర్యాలు ఉంచాలో తేల్చడానికి కంపెనీ, ప్రభుత్వం, కాలనీవాళ్ళు క్యాంటీన్‌లో ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. అంబులెన్స్‌కు ఎవరూ ఒప్పుకోరని తనకు తానే తీర్మానించుకుని, మావయ్య కయ్యానికి కాలు దువ్వుతూ వెళ్ళాడు.

తీరా చూస్తే ఆయన నోరు తెరవకముందే దర్జీ లేచాడు. "మా వీధికి లైట్లు అడుగుదామనుకున్నాం. అవి తర్వాత చూసుకుందాం లెండి, ముందు అంబులెన్స్ ఉండాలి." కూరగాయల కొట్టావిడా అదే మాట. బండి కాలనీకే వదిలేస్తామన్నాడు కంపెనీ ఆఫీసరు. డీజిల్ మేం చూసుకుంటామంది ప్రభుత్వం తరఫున వచ్చినావిడ.

"మరి డ్రైవరో? ఇప్పుడున్నతను ఊరొదిలి వెళ్ళిపోతున్నాడుగా!" అన్నాడు ఆఫీసరు.

"నేను..." అంటూ మావయ్య లేచాడు. ఆయన చూపు సంగతి తెలిసి అందరూ తలలు దించుకున్నారు.

వెనక బెంచీ కిర్రుమంది. డంపర్ అమ్మాయి లేచి, మామూలుగానే ముఖం మాడ్చుకుని అంది. "మీరెళ్ళి అత్తయ్యకు చెప్పండి మావయ్యా. నేనున్నా."

ఎంత ప్రయత్నించినా మావయ్యకు నోరు పెగల్లేదు. "కాస్త గట్టిగా అను మావయ్యా, వినపడట్లా!" అన్నాడు దర్జీ. అందరూ నవ్వారు. మావయ్య రెండు చేతులూ జోడించి బయటపడ్డాడు.

ఇంట్లో అత్తయ్య మంచం మీద లేచి కూర్చుంది. ఆయన ఏదో గొణిగాడు. ఆ గొంతు అంత చిన్నగా ఆవిడ ఎన్నడూ వినలేదు. "ఏమైందండీ? బండి లేదన్నారా?"

"ఉందే!" అన్నాడు మావయ్య. ఈసారి కాలనీ మొత్తానికి వినపడింది. "ఆ పిల్ల నడుపుతుందట! నూరేళ్ళు చల్లగా ఉండాలే ఆ పిల్ల!"