లక్ష్ముడి పత్యం

ఆరు నెలలు గుజరాత్ బోట్ల మీద పనిచేసి, లక్ష్ముడు పచ్చటి కళ్లతో సొంతూరు భావనపాడులో దిగాడు. కామెర్లని ఊరంతా తేల్చేసింది. భార్య హేమ పసరు తాగించింది, ఉప్పులేని గంజి పెట్టింది. మొగుడు తినలేనిది తనకెందుకని తనూ చేప మానేసింది. చేపలమ్ముకునే మనిషి చేప మానడమంటే మాటలా!

పసరుకి రోగం లొంగలేదు. టెక్కలి ఆసుపత్రిలో డాక్టరు సుహాసిని కామెర్ల పరీక్షలు చేయిస్తే ఏ వైరస్సూ దొరకలేదు. ఆవిడ అతని అరచేతులు తిప్పి చూసింది. నిండా రాగి రంగు మచ్చలు.

"వల తాళ్లు ఒరుసుకున్నాయండి."

"అరికాళ్లతో కూడా వల లాగుతావా?"

అక్కడా అవే మచ్చలు. లక్ష్ముడు కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. మరో రక్తపరీక్షలో సిఫిలిస్ అనే సుఖవ్యాధి అని తేలింది.

"అదే లివర్‌కి వాపు తెచ్చింది. పెన్సిలిన్‌తో తగ్గిపోతుంది. పత్యం అక్కర్లేదు, చేపలు తిను. కానీ మీ ఆవిణ్ణి తీసుకురా, ఆవిడకీ పరీక్ష చెయ్యాలి."

"దానికి కామెర్లనే సెప్పండమ్మా!"

"నేనేమీ చెప్పను. నువ్వే నిజం చెప్పాలి."

రెండు పిర్రలకీ సూదులు పొడిపించుకుని కుంటుతూ ఇల్లు చేరాడు. తుఫానులో బోటు నడిపిన వీరుడికి పెళ్లాం ముందు నోరు పెగల్లేదు. పత్యం వద్దన్నారంటే ఎందుకంటుంది. అందుకని బుద్ధిగా గంజే తాగాడు. హేమా తాగింది.

కళ్లు తెల్లబడుతున్నా నిజం బయటికి రాలేదు. ఒక మధ్యాహ్నం ఎదురింట్లోంచి నెత్తళ్ల చేపల వేపుడు వాసనొచ్చింది. హేమ కళ్లు మూసుకుని ఆ వాసనతో గంజి తాగుతోంది. అది చూసి లక్ష్ముడికి ఏడుపొచ్చింది. గుజరాత్‌లో చేసిన తప్పంతా కక్కేశాడు.

హేమ గిన్నె కింద పెట్టింది.

"సేసిందొకటి. మళ్లీ నా సేత గంజి కూడా తాగించినావా!"

మర్నాడు ఒక్కతే టెక్కలి వెళ్లింది. ఆమె రక్తంలోనూ అదే ఉంది. సూదులు వేయించుకొచ్చి, పొయ్యి ముందు పక్కకి ఒరిగి కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ చేపల పులుసు కాచింది. లక్ష్ముడు ఆశగా కంచం జరిపాడు. అందులో గంజి పడింది.

"డాక్టరమ్మ పత్యం వొద్దన్నాది కదే!"

"ఆయమ్మ పత్యం అయిపోనాది. ఇది నాది."

"ఎన్నాళ్లే?"

"మళ్లీ పరీక్ష సేసి, నా రగతం బాగయినాదని ఆయమ్మ సెప్పీదాకా."

"ఎప్పుడు సెప్తాది?"

హేమ చేప ముల్లు తీసి పక్కన పెట్టింది.

"ఆర్నెల్లకి. నువ్వు గుజరాత్‌లో ఉన్నన్నాళ్లే."

లక్ష్ముడు గంజి దగ్గరికి లాక్కున్నాడు.