కమాను పట్టిన చెయ్యి

చిత్రకళా చరిత్ర విభాగంలో నన్ను పాటల మేడమ్ అంటారు. సంగీత విభాగంలో బొమ్మల మేడమ్ అంటారు. గది ఇవ్వాల్సి వచ్చినప్పుడు మాత్రం రెండు విభాగాలకీ నేను పక్కింటావిడనే. అందుకే నా బల్ల మెట్ల కింద ఉంది.

ఈ రెండింటినీ కలిపి పాఠం చెప్పడం నాకు నేర్పింది మా మాస్టారు. ఆయనకు పేరు తెచ్చింది ఒకే ఒక్క చిత్రం: కిటికీ పక్కన నిలబడి వయొలిన్ వాయిస్తున్న స్త్రీ. అందరూ కుడిచేత్తో పట్టే కమాను ఆవిడ ఎడమచేతిలో ఉంటుంది. అసలు చిత్రం ఎవరో పెద్దమనిషి ఇంట్లో తాళాల మధ్య ఉండేది. బయటివాళ్లకు దొరికింది మాస్టారి దగ్గరున్న ఫోటో స్లైడు ఒక్కటే. దాన్ని పట్టుకుని ఆయన, ఒకప్పుడు ఎడమచేతి సంప్రదాయం ఒకటి ఉండేదని ఇంత లావు పుస్తకం రాశారు. రాసి ఊరుకున్నారా అంటే అదీ లేదు. తాను చెయ్యి మార్చుకున్నారు. తీగలు తిరగేసి బిగించిన వయొలిన్లు చేయించి మా చేతులూ మార్పించారు.

మిగతా శిష్యులు డిగ్రీ అందగానే కమానును కుడిచేతికి మార్చేసుకున్నారు. నేను మార్చుకోలేదు. అది భక్తో మొండితనమో ఇప్పటికీ తెలియదు. వాద్యబృందంలో అందరి మోచేతులూ ఒకవైపు ఊగితే నాది వాళ్ల మీదికి ఊగేది. పక్కవాళ్ల కళ్లజోళ్లు కొన్ని పగిలాక నన్ను వరస చివర, గోడ పక్కన కూర్చోబెట్టారు. గోడకి ఒక గీత పడింది కానీ, గోడ ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు.

ఇన్నేళ్లకి ఒక పర్మనెంటు ఉద్యోగం పడింది. ఎంపిక సంఘానికి అధ్యక్షులు మాస్టారే. ముందు ఉపన్యాసం ఇవ్వాలి, తర్వాత వాయించాలి. ఇది చేజారితే నా వయసుకి ఇంకో అవకాశం రాదు. మెట్ల కింద బల్ల కూడా ఉండదు. ఉపన్యాసానికి విషయం వెతుక్కోనక్కర్లేదు, మాస్టారి చిత్రం ఉండనే ఉంది.

సరిగ్గా అప్పుడే ఆ పెద్దమనిషి వారసులు చిత్రాన్ని మ్యూజియానికి ఇచ్చేశారు. అక్కని వెంటబెట్టుకుని చూడ్డానికి వెళ్లాను.

కమాను కుడిచేతిలో ఉంది.

కిటికీ కూడా అటునుంచి ఇటు వచ్చేసింది. కింది మూలలో చిత్రకారుడి సంతకం చక్కగా చదవడానికి వస్తోంది. మాస్టారి స్లైడులో ఆ మూల అట్ట చట్రం కింద పడిపోయింది. ఆ చట్రంలో ఎవరో ఫిల్ము తిరగేసి పెట్టారు. మా సంప్రదాయం పుట్టుపూర్వోత్తరాలు అంతే.

"ఏంటే, అలా అయిపోయావ్?" అంది అక్క.

చెప్పాను. అక్క కడుపు పట్టుకుని నవ్వింది. కాపలా అతను వచ్చి చూసి వెళ్లాడు.

"అంటే ఇన్నేళ్లూ నువ్వు తిరగేసిన బొమ్మని చూసి వాయించావన్నమాట!"

"నవ్వకే. నాకు ఏడుపొస్తోంది."

అక్క నవ్వు ఆపేసింది. "సరే, ఎవరితోనూ అనకు. ముందు ఉద్యోగం రానీ. పర్మనెంటు అయ్యాక ఎన్ని నిజాలైనా చెప్పుకో. పెద్దాయన పుస్తకాన్ని ఆయన ముందే చింపి, ఆయన చేతే సంతకం పెట్టించుకుంటావా ఏంటి?"

అక్క మాటలో తప్పేమీ లేదు. నా బాధ అదే.

ఉపన్యాసం రోజున పాత స్లైడూ, మ్యూజియంలో తీసిన కొత్త ఫోటో, రెండూ తీసుకెళ్లాను. ఏది వెయ్యాలో అప్పటికీ తేల్చుకోలేదు. మొదటి వరసలో మాస్టారు, పక్కన రిజిస్ట్రారు. వెనక రెండు విభాగాలవాళ్లూ మధ్యలో దారి వదిలి కూర్చున్నారు. మాస్టారు నన్ను చూసి తల ఊపారు. ఆయనంటే నాకు ప్రాణం. ఆయన కళ్లెదుట తెలిసి తెలిసి తప్పు బొమ్మ వెయ్యడానికి నాకు చేతులు రాలేదు. కొత్త ఫోటో వేశాను.

"బొమ్మ తిరగబడిందండీ," అన్నారు రిజిస్ట్రారు.

"లేదండీ, ఇప్పుడే సరిగ్గా ఉంది," అని సంతకం చూపించాను. రెండు విభాగాలవాళ్లూ మొట్టమొదటిసారి ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు.

మాస్టారు లేచారు. "ఎప్పుడు చూశావమ్మా?"

"పోయిన వారం, మాస్టారూ."

"నేను పోయిన నెలే చూశాను." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంటికెళ్లి కుడిచేత్తో వాయించి చూశా. మా పిల్లి లేచి బయటికెళ్లిపోయింది. ఎవరికీ చెప్పే ధైర్యం రాలేదమ్మా. నువ్వు కూడా పాతదే వేస్తావేమోనని ఇందాకట్నుంచీ హడలిపోతూ కూర్చున్నా."

రిజిస్ట్రారు గొంతు సవరించుకున్నారు. "మరి ఈవిడ గురించి ఏం రాసుకోమంటారు?"

"నా పుస్తకాన్ని నిలువునా ముంచింది. ఉద్యోగం ఇంకెవరికిస్తాం? రాసుకోండి."

"రూల్సు ప్రకారం వాయించడం ఇంకా మిగిలిందండీ."

నేను సిద్ధం చేసుకున్నది ఇద్దరు వాయించాల్సిన రచన. రెండో వయొలిన్‌కి ఎవర్నడిగినా కళ్లజోడు తడుముకుని తప్పుకున్నారు. ఒక్కదాన్నే వాయిస్తానని చెప్పి కూర్చున్నాను. మాస్టారు తన కుర్చీ కింద నుంచి, ఎక్కడికెళ్లినా వెంట తెచ్చుకునే వయొలిన్ పెట్టె లాగారు. వేదిక ఎక్కి, ఇంకో కుర్చీ తెచ్చి నా కుర్చీకి ఆనించి వేసుకున్నారు.

"మాస్టారూ, కొంచెం దూరంగా. మోచెయ్యి తగులుతుంది," అన్నాను అలవాటు కొద్దీ.

"ఎందుకు తగులుతుందే పిచ్చిదానా?" అన్నారు ఆయన, ఎడమచేత్తో కమాను ఎత్తుతూ.

తగల్లేదు.