కనబడే గాటు

"మొత్తం తీయించెయ్యవే, పీడా పోతుంది," అంది అక్క, డాక్టరమ్మ ఎదురుగానే.

ఆడవాళ్ళకి ఈత నేర్పడం నా పని. విజిల్ లేకపోయినా నా గొంతు కొలను అవతలి గట్టుదాకా వినిపిస్తుంది. ఆ గొంతుతోనే అన్నాను, "ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా అక్కా?"

అక్క చేతిసంచీని గుండెలకి ఇంకా గట్టిగా హత్తుకుంది. ఈ మధ్య ఎక్కడ కూర్చున్నా అలాగే కూర్చుంటోంది. నా జబ్బుకి బెంగపెట్టుకుందనుకున్నాను. అమ్మ పోయింది కూడా దీనితోనే. రొమ్ములో గడ్డ తగిలితే సిగ్గుపడి, కన్నకూతుళ్ళం మాకు కూడా చెప్పలేదు. బయటపడేసరికి ఎవరూ చెయ్యగలిగిందేమీ మిగల్లేదు. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఏడుపు రాదు, ఒళ్ళు మండుతుంది.

నాది తొందరగానే దొరికింది. కుడి రొమ్ము పైభాగాన, లోపలివైపు, శనగగింజంత. డాక్టరమ్మ అక్కవైపు తిరిగి ఓపిగ్గా చెప్పింది. "ఇంత చిన్నదానికి గడ్డనీ, చుట్టూ కాస్త మంచి కండనీ తీసి రేడియేషన్ ఇస్తే చాలమ్మా. మొత్తం తీయించుకున్నవాళ్ళు ఎంత కాలం బతుకుతున్నారో వీళ్ళూ అంతే బతుకుతున్నారు. తీసిన ముక్క అంచుల్లో జబ్బు కనిపిస్తే మాత్రం మళ్ళీ కోయాల్సొస్తుంది. అది ముందే చెబుతున్నాను."

తర్వాత నన్ను తెర వెనక నిటారుగా కూర్చోబెట్టింది. పడుకుంటే ఆకారం మారిపోతుందట. నీలం పెన్నుతో ఒంటిమీదే మూడు గీతలు గీసింది. ఒకటి చనుమొన చుట్టూ ఉన్న నల్లటి అంచు వెంబడి. మానాక కనబడదు, కానీ అక్కణ్ణుంచి గడ్డదాకా లోపల్లోపలే దారి చేసుకుంటూ పోవాలి. రెండోది చంకలో. అదీ కనబడదు. మూడోది సరిగ్గా గడ్డమీద. అన్నిటికంటే దగ్గరి దారి, కానీ ఈతదుస్తుల్లో మచ్చ బయటికే ఉంటుంది.

"మీ పనికి చంకలోది నయమనుకుంటాను. ఎవరికీ తెలీదు," అందావిడ.

"ఔనౌను, అదే మంచిది," అన్నాడు మా ఆయన తెర అవతలినుంచి. ఆయన్ని అడిగినవాళ్ళు లేరు.

నేను కుడిచెయ్యి చెవికి ఆనించి, ముందుకి చాచి, నీళ్ళు లాగినట్టు వెనక్కి లాగి చూపించాను. "అక్కణ్ణుంచి కోస్తే ఈ చెయ్యి మళ్ళీ ఎప్పటికి ఇలా తిరుగుతుంది మేడమ్?"

ఆవిడ నా చంకలో వేలితో నొక్కి చూసింది. "జబ్బు పాకిందేమో చూడ్డానికి చంకలో చిన్న గాటు ఎలాగూ తప్పదు. గడ్డ కూడా అటునుంచే తీస్తే లోపల ఇంకాస్త కదిలించాలి. తిరుగుతుంది, కానీ ఆలస్యం కావచ్చు."

"జబ్బు తియ్యడంలో తేడా ఉందా?"

"మీ విషయంలో లేదు. అంచులు శుభ్రంగా వస్తే మూడూ ఒకటే."

"అయితే గడ్డమీదే కోయండి."

అక్క విసురుగా తెర లాగేసింది. "నీకేమైనా పిచ్చా? ఆ మచ్చ పెట్టుకుని అందరి ముందూ ఎలా తిరుగుతావే?"

"మెళ్ళో విజిల్ వేసుకుని తిరుగుతాను. అమ్మ దాచుకుంది, పోయింది. నేను దాచను."

నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని అక్కకి తెలుసు. తెర మళ్ళీ వేసేసింది.

అంచులు శుభ్రంగా వచ్చాయి. రేడియేషన్ పూర్తయి, డాక్టరమ్మ సరేనన్నాక మళ్ళీ కొలనులో దిగాను. మచ్చ వేలెడంత, ఎర్రగా ఉంది. కొత్తగా చేరినవాళ్ళు దొంగచూపులు చూస్తుంటే విజిల్ ఊదాను.

"తిన్నగా చూడండమ్మా, టిక్కెట్టేం లేదు! ఇంటికెళ్ళి మీ ఒళ్ళు కూడా చూసుకోండి. ఇప్పుడు మొహాలు నీళ్ళలో పెట్టండి."

కొత్తవాళ్ళందరూ చేసే తప్పొకటే. నీళ్ళలో ఊపిరి బిగబడతారు. తల పైకెత్తాక వదలబోతే పీల్చుకునే వ్యవధి ఉండదు, ఉక్కిరిబిక్కిరవుతారు. లోపలుండగానే వదలాలి. ఈ ముక్క అరిచి అరిచి నా గొంతు పోతోంది.

ఆ రోజు అక్క వచ్చి గట్టుమీద బెంచీలో కూర్చుంది, సంచీ గుండెలకి హత్తుకునే. పాఠం అయ్యాక నా వెనకే బట్టలు మార్చుకునే గదిలోకి వచ్చి గడియ పెట్టింది. నా మచ్చమీద మెల్లిగా వేలు పెట్టింది.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

సంచీ కింద పెట్టి, నా తడిచెయ్యి పట్టుకుని తన ఎడమ చంక పక్కకి తీసుకెళ్ళింది. బట్ట కింద గట్టిగా ఏదో తగిలింది.

"ఎప్పట్నించి?"

"నీకంటే ముందునించే."

నోటికొచ్చినట్టు తిట్టాలనిపించింది. మొత్తం తీయించెయ్యమని ఆ రోజు చెప్పింది నాకు కాదు, తనకేనని అప్పుడర్థమైంది. అక్క కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి నిలబడింది.

"వదులు," అన్నాను. "ఊపిరి వదులక్కా."

వదిలింది. దాంతోపాటే ఏడుపు తన్నుకొచ్చింది. ఏడవనిచ్చాను. తర్వాత ఈతదుస్తుల మీదే కోటు తగిలించుకుని గడియ తీశాను.

"పద."

"ఇప్పుడా? తలైనా తుడుచుకోవే, నీళ్ళు కారుతున్నాయి!"

"కారనీ. ఆస్పత్రి నేలే కదా, తుడుచుకుంటారు."

అక్క సంచీ కోసం వంగింది. దాన్ని ముందే అందుకుని నా భుజానికి వేసుకున్నాను.