కోళ్ళగూటి డిఫరెన్షియల్

చోడవరంలో బంగార్రాజు చేసిన శపథానికి సాక్షులు నలుగురు. వారిలో ఇద్దరికి కొమ్ములున్నాయి. తొంభైనాలుగు జూలైలో అతని పాత అమెరికా కారు ఇంటి సందులో నాలుగోసారి బురదలో దిగబడగా, పొరుగు రైతు సత్యారావు ఎడ్లే దాన్ని బయటికి లాగాయి.

"ఇంకొక్కసారి నా కారుకి ఎడ్లు కడితే, ఆ రోజే తుక్కోడికి అమ్మేస్తాను!" అన్నాడు బంగార్రాజు.

"మాట మీదుండు బావా," అన్నాడు సత్యారావు తాడు విప్పుతూ. "మా ఎడ్లు కూడా ఇంటన్నాయి."

సత్యారావు కూలి పుచ్చుకోడు. అసలు బాధ అదే. కూలికి బదులుగా ఆ ఉద్ధరణ వృత్తాంతాన్ని చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు టీకొట్టులో పారాయణం చేస్తాడు.

దోషం డిఫరెన్షియల్‌ది. వెనక చక్రాలకు ఇంజను బలాన్ని పంచే ఆ ఇనుప పెట్టె, జారుతున్న చక్రానికే బలమంతా ధారపోస్తుంది. గట్టినేల మీది చక్రం ఊరికే చూస్తూ ఉంటుంది. పని చేయనివాడికే పదవినిచ్చే ఈ నీతిని బంగార్రాజు ప్రభుత్వాలలో సహించాడు గాని, సొంత కారులో సహించలేకపోయాడు.

"లిమిటెడ్ స్లిప్ అని ఉంటాది రాజుగారూ," అన్నాడు అనకాపల్లి మెకానిక్ అబ్దుల్ రహమాన్. "ఒక చక్రం జారినా రెండోదానికి బలం ఎల్తాది. కొత్తది బొంబాయి నుంచి రావాల. ఆ రేటుకి ఇంకో కారే వొచ్చేస్తాది."

అది మొదలు బంగార్రాజుకు కాలు నిలవలేదు. అన్నం మధ్యలో లేచి, సందులో బురద లోతును కర్రతో కొలిచి వచ్చేవాడు. విశాఖపట్నంలో పాత ఇనుము కొట్లన్నిటికీ ప్రదక్షిణలు చేశాడు. దారిలో ఆగిన ప్రతి జీపు కిందికీ, పంచె నలుగుతున్నా సరే, వంగి చూసేవాడు.

"కాలుకాలిన పిల్లిలాగ ఏటా తిరుగుడు? కూకో!" అనేది భార్య అప్పలనరసమ్మ.

కూర్చోలేదు. చివరికి ఆ నిధి రావికమతంలో, అచ్చియ్యమ్మ అనే ముసలామె పెరట్లో దొరికింది. మిలిటరీ వేలంలో కొన్న జీపు అక్కడ పదేళ్ళుగా కోళ్ళగూడై ఉంది. రహమాన్ దాని వెనక చక్రాలు రెండూ నేల నుంచి లేపి, ఒకదాన్ని చేత్తో తిప్పాడు. రెండోదీ అదే దిక్కుకు తిరిగింది. మామూలు జీపులో అయితే అది ఎదురు తిరగాలి.

"ఇదే రాజుగారూ! మీ ఇరుసూ దీని ఇరుసూ ఒకే కంపెనీయి."

"డబ్బులు నాకెందుకు?" అంది అచ్చియ్యమ్మ. "నా కోళ్ళకి ఇటికల గూడు కట్టించి, ఇనుము అట్టుకుపో."

ఆ విధంగా బొంబాయిలో కారు ధర పలికే వస్తువు రెండువందల ఇటుకలకు చోడవరం చేరింది.

ఆ వీధిలో ఒక ఆచారముంది. బండికి కొత్త సామాను బిగించాక, వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపి, ఇంజను నడిపి, గాలిలో తిరిగే చక్రానికి హారతివ్వాలి. తరతరాల మామూలు డిఫరెన్షియళ్ళు ఈ పూజను నిశ్చలంగా స్వీకరించాయి. బంగార్రాజు పెరట్లో బిగింపు ముగించి రహమాన్ నూతి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. అతను వచ్చేదాకా ఆగే ఓపిక బంగార్రాజుకు లేదు. అప్పలనరసమ్మ కర్పూరం వెలిగించగానే గేరు వేశాడు.

"రాజుగారూ, ఒద్దు! రెండోది నేల మీదుంది!"

లేచిన చక్రంతోపాటు నేలమీది చక్రమూ తిరిగింది. కారు జాకీని తన్నేసి, తాటాకుల దడిని చీల్చుకుని, పక్కనే దమ్ము చేస్తున్న సత్యారావు మడిలోకి దూకింది. ఎడమ చక్రాలు గట్టు మీద, కుడి చక్రాలు బురదలో ఆగాయి. పళ్ళెం పట్టుకున్న అప్పలనరసమ్మ ఖాళీ స్థలానికి హారతిస్తూ మిగిలింది.

సత్యారావు అప్పుడే నాగలి నుంచి ఎడ్లను విప్పుతున్నాడు. "తాడు తెమ్మంటావేటి, బావా?"

"ముట్టుకోకు!"

బంగార్రాజు రివర్స్ గేరు వేసి, క్లచ్ మెల్లగా వదిలాడు. కుడి చక్రం బురద చిమ్మింది. ఒక్క క్షణం అంతే. ఎడమది గట్టును కరిచి పట్టింది. కారు వెనక్కి పాకి, చీలిన దడిలోంచి పెరట్లోకి వచ్చి నిలిచింది.

"కోళ్ళ కింద పడున్నా సరుకు అసలైందే!" అన్నాడు రహమాన్.

శపథం నిలిచింది. కారు దక్కింది. నెలల తరబడి నిలవని బంగార్రాజు మెట్టు మీద కూలబడ్డాడు. మరుక్షణమే లేచాడు: సత్యారావు తన ముఖం మీది బురదైనా తుడుచుకోకుండా టీకొట్టు వైపు నడుస్తున్నాడు.

"ఎక్కడికిరా?"

"లాగిన కత పాతబడిపోయింది బావా. పూజ సేత్తంటే దూకిన కత ఇంకా ఎవులికీ సెప్పలేదు."