నల్లబిళ్ళల చప్పుడు

షాహీదాబీ కాళ్ళ మధ్య చెక్కమొద్దు బిగించుకుని గేదె కొమ్ము కొసను రంపంతో కోస్తోంది. బిళ్ళ తెగి పడగానే దాన్ని కిటికీలోంచి వచ్చే ఎండకు అడ్డం పెట్టి చూసింది. నల్లటి కొమ్ములో, సరిగ్గా అంచు దగ్గర, తేనెరంగు పొగ ఒకటి మెల్లగా కదిలినట్టుంటుంది. అది కనబడితే చాలు, ఏ చెరువులోనో మెడదాకా దిగి కళ్ళు మూసుకున్న గేదె ఆమె కళ్ళ ముందుకు వస్తుంది. పొద్దున్నుంచీ ఆ చెరువు ఒడ్డునే కూర్చున్నట్టుంది ఆమెకు.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వెనక సందులో ఆ ఇల్లు. గోడకు అవతల ఉండి, ఆమెను అక్క వరసన ఆపా అని పిలిచే జైనబ్‌కు రంపం చప్పుడంటే మంట.

"ఆపా, తెల్లారకముందే మొదలుపెడ్తివా? నీ రంపం నా పండ్ల మీద నడుస్తాంది."

"నీకు పండ్లు యాడుండాయి?" అంది షాహీదాబీ. మాట పూర్తికాకముందే దగ్గు వచ్చింది. కొమ్ము పొడి ఏళ్ళ తరబడి ఛాతీలో పేరుకున్న దగ్గు అది. గోడ అవతల చీపురు చప్పుడు కాసేపు ఆగి, దగ్గు తగ్గాక మళ్ళీ మొదలైంది.

ఆ రంపం ఆమె భర్త నూర్ అహ్మద్‌ది. కొమ్ముతో దువ్వెనలు చేసేవాడు. ప్లాస్టిక్ దువ్వెనలు వచ్చాక అడిగేవాళ్ళు తగ్గినా అతను కోయడం మానలేదు. ఒక మధ్యాహ్నం ఆమె వంటింట్లో బియ్యం కడుగుతుంటే రంపం చప్పుడు సగంలో ఆగింది. ఎవరూ పిలవలేదు, ఏమీ పడలేదు. చేతిలో నీళ్ళు చేతిలోనే ఉండగా ఆమెకు సంగతి తెలిసిపోయింది. కొన్నాళ్ళకు ఆ సగం కొమ్మును తానే పూర్తిగా కోసి, రంపాన్ని ఇక కింద పెట్టలేదు.

ఇప్పుడు చేస్తున్నవి పోకర్ అనే పేకాటలో పందెం కాసే బిళ్ళలు. చేయించుకుంటున్నది వేంపల్లె అవతలి ఊళ్ళో పార్టీ పెద్ద చెన్నకేశవ. ఆ ఊరు రెండు వర్గాలై చాలాకాలమైంది. పొద్దువాలితే అతను గడప దాటడు. ఆదివారాలు తన మనుషులనే ఇంటికి పిలిచి, బెంగళూరులో చదివిన బావమరిది నేర్పిన ఈ ఆట ఆడిస్తాడు. అందరికీ సమానంగా బిళ్ళలు పంచుతారు. చివరికి అన్నీ ఎవరి ముందు చేరితే వాళ్ళు గెలిచినట్టు. ప్రతి బిళ్ళ మీదా వాళ్ళ తాత గొర్రెల మందకు వేసిన గుర్తు ఉండాలన్నాడు: రెండు గీతలు, మధ్యలో చుక్క. సగం రంగు వేసిన ఎర్రవి, సగం నల్లవి. తేనెరంగు కొమ్ము ఎంత అందంగా ఉన్నా, ఎదుటి పార్టీ జెండాలా ఉందని వద్దన్నాడు. అన్నిటికీ అడుగున మెత్తటి గుడ్డ అంటించమన్నాడు. బిళ్ళలు మోగితే బయట కాపలా ఉన్నవాళ్ళకు ఎదుటివాళ్ళ జీపు చప్పుడు వినపడదని అతని భయం.

నిన్న అతని భార్య సుంకులమ్మ వచ్చింది. నగకు మెరుగు పెట్టించే వంకతో వచ్చి, తలమీద కొంగు ముందుకు లాక్కుని నేల మీదే కూర్చుంది. చాలాసేపు కొమ్ము పొడిలో వేలితో గీతలు గీసింది.

"బూబమ్మా, నల్లవాటికి గుడ్డ అంటించాకు," అంది చివరికి. "వాళ్ళు ఆడేటప్పుడు ఆడోళ్ళం నడవలోకి పోకూడదు. లోపల పండుకొని చెవులు రిక్కబెట్టుకొని ఉంటా. బిళ్ళ మోగితే ఆయన ఉండాడు అనుకుంటా. నేను చెప్పినానని మాత్రం చెప్పాకు."

ఎర్రవాటికి గుడ్డ అంటించడం అప్పటికే అయిపోయింది. షాహీదాబీ ఒక నల్లబిళ్ళకు జిగురు రాసింది. ఆ చప్పుడులో నిజంగానే జీపు వినపడకపోతే? ఆ పాపం ఎవరిది? జిగురు ఆరేదాకా బిళ్ళను అరచేతిలో పట్టుకుని కూర్చుంది. తర్వాత గోటితో గీకి, తడిగుడ్డతో తుడిచేసింది.

మధ్యాహ్నం చెన్నకేశవ వచ్చాడు. సాయంత్రం ఆటకు బిళ్ళలు కావాలి. మనుషులను సందు మొదట్లో నిలబెట్టి, తలుపు కనబడేలా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నల్లబిళ్ళలు రెండు తీసి ఒకదాని మీద ఒకటి వదిలాడు. తడి చెక్క మీద చినుకు పడినట్టు మోగింది.

"వీటికి గుడ్డ యాడ?"

"ఏయలేదప్పా."

"ఏంటికి?"

ఆమె రంపం పళ్ళలో ఇరుక్కున్న పొడిని ఊదింది. "మా ఆయన పోయిన దినం ఈ రంపం ఆగితేనే నాకు తెలిసింది. అది మోగినన్ని దినాలు నేను వంటింట్లో ధైర్యంగా ఉన్నా."

చెన్నకేశవ తలుపు వైపే చూస్తున్నాడు. వేళ్ళ మధ్య బిళ్ళలు మాత్రం వాటంతటవే మోగుతున్నాయి.

"సుంకులమ్మ వచ్చినాదా ఈడికి?"

ఆమె వంగి మొద్దు మీది పొడి తుడిచింది.

"అది కంటినిండా నిద్రపోయి శానా కాలమాయ. అడిగితే బాగా నిద్ర పట్టిందంటాది," అన్నాడు అతను. బిళ్ళలను పెట్టెలో వేసి లేచాడు. "మోగనీలే. ఈ మాత్రం చప్పుడుకే జీపు ఇనపడకపోతే, ఆ నా కొడుకులకు కూడు పెట్టేది ఏంటికి?"

అతను సందు మలుపు తిరిగేదాకా పెట్టెలో నల్లబిళ్ళలు మోగుతూనే ఉన్నాయి.

పలచగా తెగాయని పక్కన పడేసిన నల్లబిళ్ళలు రెండు మొద్దు దగ్గర మిగిలాయి. షాహీదాబీ వాటిని ఒళ్ళో వేసుకుని గోడకు చేరగిలబడింది. ఎండ పచ్చబడి, గదిలో తేలే కొమ్ము పొడి అంతా బంగారమైంది. ఆమె ఒక బిళ్ళను ఇంకోదాని మీద వదిలింది. ఆ మోతలో ఆమెకు ఎక్కడో నడవలో నవ్వులు వినిపించాయి. లోపలి గదిలో సుంకులమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుని ఒక పక్కకు ఒత్తిగిలింది. కళ్ళు మూసుకుంది. ఇంకా దూరంగా, చెరువు నీళ్ళకు అవతలి ఒడ్డున, ఎవరో తీరుబడిగా దువ్వెన పళ్ళు కోస్తున్నారు. ఆ చప్పుడు సగంలో ఆగలేదు.

మర్నాడు ఎండ ముఖాన పడ్డాక గానీ జైనబ్‌కు మెలకువ రాలేదు. ఇంత పొద్దెక్కేదాకా ఎట్లా పడుకున్నానా అని ఆశ్చర్యపోతూ చీపురు అందుకుంది. నాలుగు చోట్ల ఊడ్చి ఆగింది.

"ఆపా, ఏంది, ఈ పొద్దు రంపానికి సెలవా?"

గోడ అవతల నిశ్శబ్దంగా ఉంది. జైనబ్ ఇంకోమాట అనబోయి, చీపురు అక్కడే వదిలేసి, చెప్పులు లేకుండా పరిగెత్తింది.

సందులోవాళ్ళు వచ్చి, గోడకు ఆనుకునే చల్లబడిపోయిన షాహీదాబీని పడుకోబెడుతుంటే ఒళ్ళోంచి బిళ్ళలు జారి మోగాయి. జైనబ్ వాటిని ఏరి, ఊది, ఒకదాని మీద ఒకటిగా కిటికీలో పెట్టింది. ఎండ తగిలి నల్లటి అంచులో తేనెరంగు పొగ మెల్లగా కదిలింది.