ఓడినప్పుడల్లా నెట్టు స్లో

నేను ఒక వైఫై రౌటర్‌ని. ఈ ఇంట్లో నన్ను ఆ పేరుతో ఎవరూ పిలవరు. మనసు బాగున్నప్పుడు 'వైఫై డబ్బా' అంటారు, కోపం వస్తే ఒట్టి 'డబ్బా' అంటారు. ఈమధ్య రెండో పేరే ఎక్కువ వినబడుతోంది. చేయని తప్పులకు తిట్లు తినీ తినీ నాకు విసుగొచ్చింది, అందుకే నోరు విప్పుతున్నాను. మీ ఇంట్లోనూ ఏ టీవీ వెనకో, ఏ బీరువా మీదో నాలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి దాన్ని తిట్టబోయే ముందు కాస్త ఆగి, నా మాట వినండి.

ఏదో ఫ్యాక్టరీలో, కదిలే బెల్టు మీద పుట్టాను. నల్లటి ఒళ్లు, రెండు కొమ్ములు, ముందు వరసగా లైట్లు. నాతోపాటు పుట్టినవాళ్లంతా అచ్చం నాలాగే ఉండటంతో అందచందాల గొడవ రాలేదు. నాకు నేర్పిన పని కూడా చాలా చిన్నది. ఒకరు అడిగింది తెచ్చివ్వాలి, ఒకరు ఇచ్చింది పట్టుకెళ్లి అప్పగించాలి. మూటలో ఏముందో విప్పి చూసే అధికారం నాకు లేదు. అయినా మనుషులు తాము ఏం పంపుతున్నారో, ఏం తెప్పించుకుంటున్నారో పైకే అరిచి చెబుతుంటారు కనుక, నాకు తెలియనిదంటూ పెద్దగా ఉండదు.

మొదట నన్ను ఒంగోలులో ఒక పళ్ల డాక్టరు గారి దగ్గర గోడకు బిగించారు. బుగ్గ వాచిపోయి మూలుగుతూ వచ్చేవాళ్లు కూడా డాక్టరు ఉన్నారా అని అడగకముందే వైఫై పాస్‌వర్డ్ ఏమిటని అడిగేవారు. ఎంత మర్యాదో అప్పట్లో నాకు! డాక్టరు గారు వేరే కంపెనీ లైను పెట్టించుకోవడంతో నన్ను ఊడదీశారు. కనెక్షన్లు ఇచ్చే మనిషి నన్ను తడిగుడ్డతో తుడిచి, ఎవరిదో కొత్త అట్టపెట్టెలో పెట్టి, చీరాల తీసుకొచ్చాడు.

"కొత్త పీసు సార్, మీ ముందే సీలు తీస్తన్నా" అన్నాడు. ఆ మాట నమ్మినాయన జంజనం పురుషోత్తం. అక్కడితో నా మర్యాద రోజులు అయిపోయాయి.

పురుషోత్తం ఒకప్పుడు బట్టల షాపులో పనిచేసేవాడు. ఇప్పుడు ఇంట్లోనే ఉంటాడు. ఆయన భార్య హైమావతి పక్కనే ఉన్న పేరాలలో మగ్గాల వాళ్ల దగ్గర చీరలు తెచ్చి, సాయంత్రం పూట ఫోను ముందు నిలబడి లైవ్‌లో అమ్ముతుంది. ఎక్కడెక్కడి ఆడవాళ్లో చూసి, నచ్చింది చెప్పి, అప్పటికప్పుడు ఫోనులోనే డబ్బు వేస్తారు. ఆ చీరలు మడతపెట్టి, కవర్లలో వేసి, కొరియర్‌కి ఇవ్వడం పురుషోత్తం పని. ఇల్లు గడిచేది దాంతోనే. కానీ ఆయన్ని అడిగితే అది చేతి పని మాత్రమేనని, అసలు పని బుర్రతో చేస్తున్నానని చెబుతాడు. ఆ అసలు పని ఫోనులో ఆటల మీద పందేలు కాయడం.

ఆయన అభిప్రాయాలన్నీ వినేది కొరియర్ బాషా. పార్సిళ్లు చేతికొచ్చేదాకా కదలడానికి వీల్లేదు కాబట్టి, పాపం అతనికి వేరే దారి లేదు.

"జూదం వేరు, ఇది వేరు బాషా" అనేవాడు పురుషోత్తం టేపు చింపుతూ. "పేకాట జూదం. ముక్క పడితే పడ్డట్టు, లేకపోతే లేదు. ఇది అట్టా కాదు. పిచ్ చూడాల, గాలి చూడాల, రాత్రికి మంచు పడతదా లేదా చూడాల. చదువు ఇది, చదువు!"

"మరి అంత చదివినోళ్లు ఎప్పుడన్నా పాసవ్వాల గదన్నా?" అన్నాడు బాషా ఒకరోజు.

"నాకు పేపరు లేటుగా అందుతంది. అదీ సమస్య" అని నా వైపు వేలు చూపించాడాయన.

చూశారా? గెలిస్తే ఆయన బుర్ర, ఓడితే నా బద్ధకం. నేను ఈ ఇంటికి వచ్చాక ఆయన ఒక్కసారి కూడా తన తప్పు వల్ల ఓడిపోలేదు. ఎప్పుడు ఓడినా నెట్టు స్లో.

ఈ అనుమానం ఆయనకు ఎక్కించింది పై వాటాలో ఉండే ఇంటి ఓనరు రాజ్యలక్ష్మమ్మ గారు. ఆవిడ రిటైరైన నర్సు. క్రికెట్ అంటే ప్రాణం. పాత కేబుల్ టీవీలో మ్యాచ్ చూస్తూ, ఇల్లు అదిరేలా అరుస్తుంది. ఆవిడ "అవుటూ!" అని అరిచిన కాసేపటికి గానీ పురుషోత్తం ఫోనులో బౌలరు పరుగు మొదలుపెట్టడు. అంటే ఆవిడకు తెలిసిపోయిన సంగతి ఈయన ఇంకా జరగలేదనుకుని పందెం కాస్తున్నాడన్నమాట. అది తెలిసిన రోజు ఆయన మొహం చూడాల్సింది. తర్వాత కొన్నాళ్లు ఆవిడ అరుపు వినగానే పందెం కాసే ప్రయత్నం చేశాడు. కానీ యాప్ వాళ్లు ఆవిడకంటే ముందే తలుపు మూసేస్తున్నారు. 'పందేలు తాత్కాలికంగా నిలిపివేయబడ్డాయి' అని చల్లగా ఒక వాక్యం కనబడేది. వాళ్లకు అందరికంటే ముందే తెలుస్తోందని అక్కడే అర్థం కావాలి కదా! అర్థం కాలేదు. "డబ్బా గనక ఫాస్టుగా ఉంటేనా..." అన్నాడు.

అయ్యా, మైదానంలో బొమ్మ తీశాక, అది ఎక్కడెక్కడో కంప్యూటర్లలో తిరిగి, ముక్కలై, మళ్లీ కలిసి మీ దాకా రావాలి. ఆలస్యమంతా ఆ దారిలోనే అయిపోతుంది. నాది ఆఖరి గుమ్మం. నా చేతిలో పెట్టింది పెట్టినట్టు మీకు ఇస్తున్నాను. ఇది చెప్పడానికి నాకు నోరు లేదు, ఉన్నది లైట్లే. అవి పచ్చగా వెలిగితే ఆయన నమ్మడు, ఎర్రగా వెలిగితే నెత్తిన ఒక్కటి వేస్తాడు.

నన్ను ఫ్రిజ్ మీద పెట్టి చూశాడు. కిటికీలో పెట్టి చూశాడు. చీర అంచు ముక్కతో అటకకు వేలాడదీశాడు. దసరాకు ఆయుధపూజ రోజున స్కూటరుతోపాటు నాకూ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, చామంతి దండ వేశాడు. గాలి ఆడే చిల్లులన్నిటిలోకీ కుంకుమ పోయి ఆ సాయంత్రం ఒళ్లు కాలిపోయింది. ఆ వేడికి నేను రెండుసార్లు ఆగిపోతే, పూజ చేసిన చేత్తోనే కొట్టాడు.

మన రాష్ట్రంలో ఆ యాప్ నడవకూడదట. అందుకని తాను ఏదో పరాయి దేశంలో ఉన్నట్టు ఫోనుతో అబద్ధం చెప్పించేవాడు, ఆ అబద్ధం నేను మోసేవాడిని. ఊళ్లో గడియార స్తంభం దాటి ఎరగని మనిషికి రోజూ విదేశీ ప్రయాణం! క్రికెట్ లేని రోజుల్లో, పేరు పలకడం కూడా రాని ఊళ్లో, ముక్కూమొహం తెలియని ఇద్దరు టేబుల్ టెన్నిస్ ఆడుకుంటుంటే వాళ్ల మీద కాసేవాడు. అదీ లేకపోతే కంప్యూటరు తనలో తాను ఆడుకునే బొమ్మల క్రికెట్ మీద కాసేవాడు. "ఇందులో ఫిక్సింగ్ ఉండదు బాషా, మనుషులే లేరు గదా" అని అది గొప్ప సంగతిలా చెప్పాడు. ఆ బొమ్మ బ్యాట్స్‌మన్ ఈమధ్య మంచి ఫామ్‌లో ఉన్నాడని కూడా అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

వీటన్నిటినీ భరించాను. భరించలేనిది శ్రావణమాసంలో జరిగింది.

వరలక్ష్మీ వ్రతం దగ్గర పడుతోంది. హైమావతి మగ్గాల వాళ్లకు మాటిచ్చి, పండుగ చీరలు గదినిండా తెచ్చింది. ఏడాదిలో ఆమెకు అంత పెద్ద బేరం మళ్లీ ఉండదు. ఆ సాయంత్రమే లైవ్. ఆ సాయంత్రమే ఏదో పెద్ద మ్యాచ్.

"లైవ్ రేపు పెట్టుకోగూడదా హైమా? నువ్వు బొమ్మ పంపిస్తంటే నా నెట్టంతా నువ్వే తినేస్తన్నావు" అన్నాడు.

"రేపు పెడితే జాకెట్టు కుట్టించుకోటానికి టైముండదంటారు. మ్యాచ్‌నే రేపు పెట్టుకోమనండి" అంది ఆమె కుచ్చిళ్లకు పిన్ను పెట్టుకుంటూ.

లైవ్ మొదలైంది. హైమావతి గలగలా మాట్లాడుతోంది. చీరలు టకటకా పోతున్నాయి, డబ్బులు పడుతున్నాయి. పక్కగదిలో పురుషోత్తం మంచం మీద కూర్చుని, ఫోనులో నా సెట్టింగుల పేజీ తెరిచాడు. పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు ఆ పేజీలోకి వచ్చి, ఎవరికి దారి ఇవ్వాలో ఎవరికి మూయాలో నాకు చెప్పొచ్చు. నేను కాదనడానికి లేదు. ఆయన హైమావతి ఫోను వెతికి పట్టుకుని, దాన్ని ఆపేయమన్నాడు. ఆపేశాను. ఆ పని చేసింది నేనే. ఇష్టం లేకుండానే చేశాను, కానీ ఆమె మాట సగంలో తెగిపోయింది నా దగ్గరే.

కనకాంబరం రంగు చీర కొంగు పరిచి చూపిస్తున్న ఆమె అలాగే బొమ్మలా నిలిచిపోయింది, చూసేవాళ్ల ఫోన్లలో. కింది వాటాలో సెల్ సిగ్నల్ అందదు. ఆమె ఫోను పట్టుకుని వీధిలోకి పరిగెత్తింది. అక్కడ సిగ్నల్ దొరికేసరికి లైవ్ మూసుకుపోయి, కింద వరసగా మెసేజీలు వచ్చి పడ్డాయి. ఆమె వెనక్కొచ్చి పక్కగది గుమ్మంలో నిలబడింది. మొహం పాలిపోయి ఉంది.

"ఏమండీ, మీది కూడా పోయిందా?"

ఆయన గబుక్కున ఫోను దిండు కింద తోశాడు. "ఆ, నాదీ పోయింది. ఈ డబ్బా బతుకే అంత" అన్నాడు. అని లేచి, ఆ గదిలోనే గోడకు ఉన్న నా నెత్తిన ఒక దెబ్బ కూడా వేశాడు.

సరిగ్గా అప్పుడే పైనుంచి రాజ్యలక్ష్మమ్మ గారు అరిచింది. "సిక్సరూ! కొట్టాడే నా తండ్రి!"

భార్యాభర్తలిద్దరూ పైకప్పు వైపు చూశారు. పురుషోత్తానికి తర్వాత ఏం జరగబోతోందో తెలిసింది. ఆయన మంచం వైపు ఒక అడుగు వేశాడు, కానీ ఆమె గుమ్మంలో నిలబడి ఆయన్నే చూస్తుండటంతో ఆగిపోయాడు. పైన పడిన సిక్సరు ఆయన ఫోనులో ఇంకా పడలేదు. అప్పుడు దిండు కింద నుంచి వేలమంది జనం ఒక్కసారిగా హోరెత్తారు. వ్యాఖ్యాత గొంతు చించుకుంటున్నాడు. ఇన్నాళ్లూ ఆయన తిట్టిన ఆ ఆలస్యమే ఆయన్ని పట్టిచ్చింది.

"నాది పోయిందా, పోగొట్టారా?" అంది హైమావతి.

ఆమె తన ఫోను తీసి మెసేజీలు పైకి చదివింది. 'డబ్బులు పడ్డాక లైను కట్ అయిందేంటో.' 'పండగ ముందు ఇలాంటి మోసాలు మామూలే.' 'హైమ గారూ, మీరు కూడా ఇంతేనా?' మూడోది రెండుసార్లు చదివింది.

"కరెంటు పోయిందని పెట్టెయ్ హైమా. ఎవరికి తెలుస్తది?" అన్నాడు పురుషోత్తం.

ఆమె మళ్లీ వీధిలోకి వెళ్లి నెట్టు కంపెనీకి ఫోన్ చేసింది. వచ్చి, కుచ్చిళ్ల పిన్ను తీసి, వాళ్లు చెప్పినట్టు నా వెనక ఉన్న చిన్న చిల్లులో గుచ్చి పట్టుకుంది. ఆయన పెట్టిన అడ్డంకులన్నీ పోయాయి. అలా గుచ్చితే నా జ్ఞాపకమంతా తుడిచిపెట్టుకుపోవాలట. ఎందుకోగానీ, తిట్లు మాత్రం పోలేదు. ఆమె కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుంది, ఆయనకు చెప్పలేదు.

పొద్దున్నే ఆయన చుట్టంలా వచ్చి పాస్‌వర్డ్ అడిగాడు. ఆమె వినపడనట్టు కూరగాయలు తరుక్కుంది. ఆయన వీధి మెట్ల మీదికి వెళ్లి సెల్ సిగ్నల్ మీద ఆట చూసుకున్నాడు. మధ్యాహ్నానికల్లా "ఈ టవరు దండగ" అని వినబడింది. ఆయన మారతాడని నాకు నమ్మకం లేదు. ఉందని మీకు చెప్పి మోసం చేయడం ఇష్టం లేదు.

సాయంత్రం హైమావతి లైవ్ పెట్టింది. నిన్న సగంలో ఆగిన కనకాంబరం చీరే తీసింది. "ఇటొచ్చి ఆ కొంగు పట్టుకోండి" అని పురుషోత్తాన్ని పిలిచింది. ఆయన వచ్చి, ఫోనులో మొహం పడకుండా పక్కకు నిలబడి, చీర చివర పట్టుకున్నాడు. కరెంటు సంగతి చెప్పమని కళ్లతోనే బతిమాలుతున్నాడు. నిన్న తిట్టినవాళ్లంతా వచ్చి చూస్తున్నారు.

చీరలో ఒక పోగు తప్పినా ముందు అది చూపించి, తర్వాతే ధర చెప్పే మనిషి ఆమె.

"అమ్మా, నిన్న మా ఇంట్లో కరెంటు పోలేదు" అంది. "నెట్టూ పోలేదు. మా ఆయన పందెం కాసుకోటానికి నా ఫోనుకి నెట్టు ఆపేశారు. డబ్బు వెనక్కి కావాలన్నవాళ్లకి ఇప్పుడే వేసేస్తాను. చీర కావాలన్నవాళ్లకి రేపు చీర వస్తుంది. ఇంతకన్నా నా దగ్గర వేరే మాట లేదు."

ఆ మాటల్ని ఒక్క ముక్క జారకుండా మోశాను. అంత ఇష్టంగా నేను ఏదీ మోయలేదు. తర్వాత తెనాలి నుంచి ఒకావిడ రాసింది.

'చీర అలా ఊగుతోందేమిటండీ? ఫ్యాను గాలా?'

హైమావతి చూపు చీర పొడవునా వెళ్లి, ఆ చివర ఆగింది.

"కాదమ్మా" అంది. "ఆ చివర పట్టుకుంది మా ఆయన."

వదిలేస్తే కొత్త చీర నేల మీద పడుతుంది. అందుకని వదల్లేక, లైవ్ అయిపోయేదాకా పురుషోత్తం ఒక్కో చీర కొంగూ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.