చల్లని ఇంటి ఖర్చు

మోరంపూడి దాటాక కొత్తగా వెలిసిన కాలనీలో మణిశంకర్ కట్టిన ఇంటిని చూడ్డానికి జనం వచ్చేవారు. పెద్ద ఇల్లేమీ కాదు. పాలిటెక్నిక్ లెక్చరర్ జీతానికి, బ్యాంకు ఇచ్చే లోనుకి ఎంత ఇల్లు లేస్తుందో అంతే. కాకపోతే ఆ గోడలు రెండు వరసలుగా లేపి మధ్యలో కాస్త ఖాళీ వదిలాడు. పడమటి వైపు కిటికీ పెట్టనివ్వలేదు. డాబా మీద తెల్ల టైల్స్ పరిచి, ఓ పక్కన సోలార్ ప్యానెళ్లు పెట్టించాడు. మే నెలలో రాజమహేంద్రవరం మొత్తం ఉడికిపోతున్నా, ఆ ఇంటి హాల్లో ఏసీ లేకుండా ఒక్క ఫ్యాను కింద హాయిగా కునుకు తీయొచ్చు.

నెలనెలా వచ్చే కరెంటు బిల్లుని మణిశంకర్ ఫోటో తీసి స్టాఫ్ రూములో అందరికీ చూపించేవాడు. "నమ్మకం లేకపోతే ఓసారి ఇంటికి రండి మాస్టారూ" అనేవాడు. వాళ్లు వచ్చేవారు. వాళ్లు చెబితే వాళ్ల బంధువులూ వచ్చేవారు.

వచ్చినవాళ్లకి మజ్జిగా కాఫీలూ ఇచ్చేది అతని భార్య హరిచందన. ఇల్లు నడిపేదీ ఆమే. కరెంటు బిల్లు తగ్గిన మాట నిజమే. కానీ పాల ప్యాకెట్లు పెరిగాయి. నెలన్నర వచ్చే గ్యాసు సిలిండరు నెల తిరక్కుండానే అయిపోతోంది. "ఈ నెల కూడా ఏం మిగల్లేదండీ" అని ఆమె అంటే, మణిశంకర్ బిల్లు చూపించి, "మరి ఇంత తక్కువొచ్చింది కదా!" అని ఆశ్చర్యపోయేవాడు.

"ఇల్లంటే కరెంటొక్కటేనా?" అనేసి హరిచందన వంటింట్లోకి వెళ్లిపోయేది.

రోజూ తప్పకుండా వచ్చే మనిషి సంపూర్ణమ్మ. ఎదురింటి మేడ మీద రేకుల గదిలో కూతురు నాగదుర్గతో అద్దెకుంటోంది. నాగదుర్గ పొద్దున్నే బట్టల షాపులో పనికి వెళ్తే మళ్లీ రాత్రికే రావడం. సంపూర్ణమ్మ చీరలకి ఫాల్స్ కుడుతుంది. మధ్యాహ్నం అన్నం తినగానే చీరల మూట చంకన పెట్టుకుని వచ్చి, హాల్లో ఓ మూల కూర్చుని కుట్టుకునేది. సాయంత్రం కాఫీ తాగి వెళ్లేది. పెద్దగా మాట్లాడేది కూడా కాదు.

ఓ మధ్యాహ్నం హరిచందన వరండాలో నిలబడి రావులపాలెంలో ఉన్న అక్కతో ఫోన్లో మాట్లాడుతోంది. ఆ పూట సిలిండరు అయిపోయి చిరాకు మీదుంది.

"ఏం చెప్పమంటావక్కా! ఇల్లు చల్లగా ఉందని మురిసిపోవడమే గానీ, సత్రం అయిపోయింది. ఎదురింటి ఆవిడైతే అన్నం తిని చెయ్యి కడుక్కోగానే వచ్చేస్తుంది. ఈ పాలూ కాఫీపొడీ లెక్కేస్తే, ఏసీ పెట్టుకున్నా అంతే అయ్యేది."

ఫోన్ పెట్టేసి ఇటు తిరిగేసరికి గేటు సగం తెరిచి ఉంది. చీరల మూటతో సంపూర్ణమ్మ ఎదురింటి మెట్లెక్కి పైకి వెళ్లిపోతోంది.

విందా? వినలేదేమో. ఏదో మర్చిపోయి వెనక్కి వెళ్లిందేమో. హరిచందన కాసేపు గేటు వైపు చూసింది. సంపూర్ణమ్మ రాలేదు. మర్నాడూ రాలేదు. పిలుద్దామా అనుకుంది గానీ, పిలిస్తే ఏమని పిలవాలో తెలియలేదు. నిజం చెప్పాలంటే, ఆ సాయంత్రం ఒక్క కప్పే కాఫీ కలుపుకున్నప్పుడు కొంచెం హాయిగానే ఉంది కూడా.

ఆ మరుసటి రోజు వడగాడ్పులు మొదలయ్యాయి. రోడ్డు మీద పిట్ట లేదు. భోజనం చేస్తూ కూతురు సహస్ర అడిగింది. "అమ్మా, సంపూర్ణ మామ్మగారు రావట్లేదేంటి? నా గౌను సరిచేసి ఇస్తానన్నారు."

ఈ ఎండలో ఆవిడ ఆ రేకుల కిందే ఉందని హరిచందనకి అప్పుడు తట్టింది. లేచి చెయ్యి కడుక్కుని, నెత్తిన తువ్వాలేసుకుని ఎదురింటికి వెళ్లింది. మెట్ల పిట్టగోడ మీద చెయ్యి ఆనితే చురుక్కుమంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి చూస్తే, రేకుల కింద ఆ గది పొయ్యి మీద మూతపెట్టిన గిన్నెలా ఉంది. టేబుల్ ఫ్యాను వేడిగాలినే తిప్పి తిప్పి కొడుతోంది. సంపూర్ణమ్మ చాప మీద పక్కకి ఒరిగిపోయి ఉంది. మొహం కందిపోయింది. ఒంటి మీద చెమటన్నదే లేదు.

"పిన్నిగారూ! పిన్నిగారూ!"

సంపూర్ణమ్మ కళ్లు తెరిచింది గానీ పోల్చుకోలేదు. "నాగా, షాపుకి టైమైపోతోంది, వెళ్లు" అంది.

హరిచందన బిందెలో నీళ్లు తీసి ఆవిడ మెడ మీదా చేతుల మీదా పోసింది. తువ్వాలు తడిపి కప్పింది. మెట్ల మీదకొచ్చి, వీధి చివర తన ఆటోలో పడుకున్న డ్రైవరు అబ్బుల్ని కేకేసింది. ఇద్దరూ కలిసి ఆవిణ్ణి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దించారు. దారి పొడుగునా హరిచందన సీసాలో నీళ్లు ఆ తువ్వాలు మీద పోస్తూనే ఉంది.

"భయపడకండమ్మగారూ, వచ్చేశామండి" అని అబ్బులు అంటూనే ఉన్నాడు.

ఆస్పత్రిలో వడదెబ్బ అన్నారు. సెలైన్ పెట్టారు. కాసేపటికి నాగదుర్గ షాపు నుంచి పరిగెత్తుకొచ్చింది. తల్లి మంచం పక్కన నిలబడి ఏడుస్తూనే, "రోజూ చెప్తానండి, మధ్యాహ్నం మీ ఇంట్లోనే ఉండమని. నిన్న కూడా అడిగాను. అక్కడే కూర్చున్నానే, కాఫీ కూడా ఇచ్చారు అందండి" అంది.

హరిచందన నాగదుర్గని స్టూలు మీద కూర్చోబెట్టి, మంచినీళ్లు తేవడానికి బయటికి నడిచింది.

ఆ రాత్రి ఆమె జరిగిందంతా భర్తకి చెప్పింది. ఫోన్లో అన్న మాట కూడా దాచలేదు. మణిశంకర్ తప్పు పట్టలేదు, ఓదార్చనూ లేదు. "ఊళ్లోవాళ్లందరికీ ఇల్లు చూపించాను. పొద్దున్న గేటు తీస్తే ఎదురుగా కనిపించేది ఆ రేకులే. ఒక్కరోజు కూడా వాటి గురించి ఆలోచించలేదు చందనా" అన్నాడు.

మూడో రోజు సంపూర్ణమ్మ తేరుకుంది. ఆస్పత్రి మంచం పక్కన పళ్లు కోసిస్తూ హరిచందన తలెత్తకుండానే అడిగింది. "ఆవేళ నా మాటలు విన్నారు కదా పిన్నిగారూ?"

"విన్నానమ్మా" అంది సంపూర్ణమ్మ. "అందులో తప్పేముంది? నేనూ ఇల్లు నడిపినదాన్నే. పాలు ఎలా పెరుగుతాయో నాకు తెలీదా? ముందే ఆలోచించి ఉండాల్సింది నేను."

"అలా అనకండి. రేపటి నుంచి మా ఇంటికే రండి."

"వస్తాను. కానీ నా పాలు నేను తెచ్చుకుంటాను. కాదంటే రాను."

వద్దనబోయి హరిచందన ఆగింది. కాదంటే ఆ పెద్దావిడ మళ్లీ ఆ రేకుల కిందే కూర్చుంటుంది. "సరేనండి, తీసుకురండి" అంది.

ఆ ఆదివారం మణిశంకర్, ఎదురింటి ఓనరు భీమరాజుగారి దగ్గరికి వెళ్లాడు. "రేకుల గదని అద్దెకిచ్చినప్పుడే చెప్పానండి. నేను పైసా పెట్టను" అన్నాడాయన. మీరు పెట్టక్కర్లేదండీ, పని చేసుకోనిస్తే చాలన్నాడు మణిశంకర్. ఓ పొద్దున ఎండెక్కక ముందే తనూ అబ్బులూ పైకెక్కి రేకులు కడిగి, ఎండని వెనక్కి కొట్టే తెల్ల పెయింటు రెండు పూతలు వేశారు. లోపల రేకులకి కాస్త కిందుగా తాటాకు చాపలు కట్టారు. గాలి పోవడానికి గోడల పై భాగంలో రెండు జాలీలు పెట్టించారు. అయిన ఖర్చులో సగం తను ఇస్తానని నాగదుర్గ పట్టుబట్టి ఇచ్చింది.

వేడి పూర్తిగా పోలేదు. కానీ ఆ గదిలో ఇప్పుడు మనిషి కూర్చోవచ్చు. ఎండ మరీ మండిన రోజున మాత్రం సంపూర్ణమ్మ పాలగ్లాసు పట్టుకుని వచ్చేది. హరిచందన ఆ పాలని తన పాలలోనే కలిపేసి కాఫీ పెట్టేది.

జూన్లో మొదటి వాన పడిన సాయంత్రం భార్యాభర్తలిద్దరూ వరండాలో కూర్చున్నారు. మణిశంకర్ వీధిలోకి చూస్తూ, "ఆ చివర ఇంకో మూడు రేకుల ఇళ్లున్నాయి. వాటికీ ఇలాగే చేద్దామని, వచ్చే ఎండాకాలం దాకా ఆగకుండా ఇప్పుడే అడుగుదామా?" అన్నాడు.

"మీరొక్కరే వెళ్తే పాఠం చెప్పేస్తారు. నేనూ వస్తాను" అంది హరిచందన, చెప్పుల కోసం చూస్తూ.